ఆపిన పెళ్ళిళ్ళు ఏడు

జులై 1, మంగళవారం

ఫీల్డ్ నోట్‌బుక్ చివర్లో ఢిల్లీ వాళ్ళకు అప్పగించాలి. అందులో రాయకూడనివి ఇందులో రాస్తాను. ఎక్కువ ఉండవనుకుంటున్నాను.

పని సులువు. వడమాలపేట చుట్టుపక్కల పద్దెనిమిది ఊళ్ళలో గుణశేఖర్ గారి సంస్థ మూడేళ్ళుగా బాల్యవివాహాలు ఆపుతోంది. వీధి నాటకాలు, తల్లుల సమావేశాలు, గోడల మీద రాతలు. ఎక్కడైనా చిన్నపిల్లకు పెళ్ళి కుదిరిందని తెలిస్తే అధికారులను వెంటబెట్టుకొని వెళ్ళి ఆపిస్తారు. అలా ఆపినవి ఏడు. దీనికి నిధులిచ్చే ఢిల్లీ సంస్థ ఇంకో ఐదేళ్ళు కొనసాగించాలా వద్దా అని తేల్చుకోవాలి. తేల్చి చెప్పడానికి నన్ను పెట్టుకుంది. గడువు నెల రోజులు.

రెండేళ్ళ కిందట మధ్యంతర నివేదిక రాసిందీ నేనే. నలభై రెండు పేజీలు. 'ఆదర్శప్రాయం' అన్న మాట నాలుగుసార్లు వాడాను. అట్ట మీద పవిత్ర ఫొటో. సంస్థ ఆపిన మొదటి పెళ్ళి ఆ పిల్లదే. అప్పటికి పదిహేనేళ్ళు. రెండు జడలు, చేతిలో పుస్తకం. పుస్తకం నాది, ఫొటో కోసం ఇచ్చాను.

గుణశేఖర్ గారు ఫోన్ చేశారు.

"మళ్ళా మీరే వస్తా ఉండారంటే నిమ్మళంగా ఉండాది మేడమ్."

నాకూ నిమ్మళంగానే ఉంది.

జులై 3

ప్రశ్నావళిలో పద్నాలుగో ప్రశ్న: మీ పెళ్ళినాటికి మీ వయసెంత?

ఈరోజు ముప్పై ఒక్కమంది ఆడవాళ్ళను అడిగాను. ముప్పై ఒక్కరూ పద్దెనిమిది అన్నారు. వాళ్ళలో ఒకామెకు ముప్పై నాలుగేళ్ళు. పెద్దకొడుక్కి ఇరవై.

తిరుపతికి తిరిగొచ్చి ఇంట్లో అమ్మను అడిగి చూశాను. అమ్మకు అరవై ఆరు. మా అన్నకు యాభై ఒకటి.

"పద్దెనిమిదే. రాసుకో."

"మరి అన్న పెండ్లికి మూడేండ్ల ముందే ఎట్ల పుట్టినాడమ్మా?"

"నీకు లెక్కలు రావు" అంది అమ్మ.

నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్.

జులై 4

గత తొమ్మిది రోజుల్లో పద్దెనిమిది ఊళ్ళలో జరిగిన బాల్యవివాహాలు: సున్నా.

ఆషాఢం.

జులై 7, సోమవారం

పుత్తూరులో సంస్థ ఆఫీసుకు వెళ్ళాను. గుణశేఖర్ గారు ఏడు ఫైళ్ళు బల్ల మీద వరసగా పేర్చి పెట్టారు. అన్నీ ఒకే రకం. మొదటి పేజీలో ఫిర్యాదు. చివరి పేజీలో తండ్రి రాసిచ్చిన హామీ: 'మా అమ్మాయికి పద్దెనిమిదేళ్ళు నిండేవరకు పెళ్ళి చేయము.' కింద సంతకమో వేలిముద్రో. దానికి పిన్ను కొట్టిన పేపర్ కటింగ్. కటింగుల్లో అధికారులు, గుణశేఖర్ గారు కెమెరా వైపు చూస్తున్నారు. పిల్లలు నేల వైపు.

"తర్వాత?" అన్నాను.

"తర్వాత అంటే?"

"ఈ అమ్మాయిలు ఇప్పుడేం చేస్తున్నారు?"

ఆయన ఒక ఫైలు తీసి వెనక అట్ట తిప్పి చూశారు, అక్కడేమైనా రాసి ఉందేమోనని.

"ఆపేసినాం కదా మేడమ్."

పోయినసారి నేను ఈ ప్రశ్న అడగలేదు. అది అప్పటి నా పని పరిధిలో లేదు. ఇంటికొచ్చి పాత ఒప్పందం తీసి చూశాను. లేదు.

జులై 8

ఒప్పందం రెండో పేజీలో 'లబ్ధిదారుల తదుపరి స్థితి' అని ఒక మాట ఉంది. రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చు.

జులై 9

ఏడుగురినీ వెతకడం మొదలుపెట్టాను. మొదటి ఇంట్లో తల్లి గుమ్మంలోనే నిలబడి, "పాప సదువుకుంటా ఉండాది మేడమ్, హాస్టల్లో" అంది. ఏ ఊళ్ళో హాస్టల్ అంటే "దూరం" అంది. రెండో ఇంటిదీ దూరపు హాస్టలే. మూడో ఇంటిదీ అంతే.

జులై 10

అప్పలాయగుంట గుడికి తీసుకెళ్తానని అమ్మకు ఎప్పటినుంచో మాటిస్తున్నాను. దారిలోనే కదా అని ఈరోజు వెంట తీసుకెళ్ళాను. దర్శనమయ్యాక ఆ మొదటి ఇంటి ముందే కారు ఆపి, ఐదు నిమిషాల్లో వస్తానని చెప్పాను. కారులో ఉక్కగా ఉందని అమ్మ కూడా దిగింది. అరుగు మీద కూర్చుని, నా ట్యాబ్ ముందు బిగుసుకుపోయిన ఆ తల్లిని పలకరించింది.

"కాళ్ళకు ఆ వాపేంది మే? నీళ్ళు సరిగ్గా తాగతా ఉండావా ల్యాదా?"

పది నిమిషాలు వాపు గురించి, తర్వాత మామిడికాయ ఊరేయడం గురించి మాట్లాడుకున్నారు. ఆ తర్వాత అమ్మ, "మీ పాప పురిటికి ఎప్పుడొస్తాదంట?" అని అడిగింది.

"కార్తీకంలో అవ్వా" అంది ఆమె.

అని, నావైపు చూసి నాలుక కరుచుకుంది.

కారెక్కాక అమ్మను అడిగాను, నీకెలా తెలుసని. "దండెం మీద కొత్త చీర ఆరేసి ఉండాది. మగబిడ్డకు కట్టే మొలతాడు పేనతా ఉండాది. నువ్వు ఆ పలక సూసుకుంటా ఉంటివి" అంది.

దీన్ని ఏ పద్ధతి అని రాయాలో తెలియడం లేదు. 'గుణాత్మక' అని రాస్తాను.

జులై 12, శనివారం

ఏడుగురిలో ఐదుగురి సంగతి తేలింది.

నలుగురికి పెళ్ళయింది. ఒకరికి సరిహద్దు దాటి తమిళనాడులో ఏదో గుడిలో. ఒకరికి బెంగళూరులో, పెదనాన్న ఇంట్లో. ఇద్దరికి ఊళ్ళోనే, తెల్లవారకముందే, మేళం లేకుండా. ఆపిన రోజు నుంచి మళ్ళీ చేసిన రోజుకు సగటున ఎనభై రోజులు.

ఐదో అమ్మాయి చదువుతోంది. పెళ్ళి ఆగిన సాయంత్రమే మేనత్త వచ్చి, పిల్లను స్కూటర్ ఎక్కించుకొని చిత్తూరు తీసుకెళ్ళిపోయింది. ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. మేనత్తకు ఫోన్ చేశాను. ఆమె సంస్థ పేరే వినలేదు.

తమిళనాడులో పెళ్ళి చేసిన తండ్రిని, హామీ పత్రం మీద సంతకం పెట్టారు కదా అని అడిగాను. ఆయనకు కోపం రాలేదు. బీడీ పక్కన పెట్టి ఓపిగ్గా చెప్పాడు.

"ఆపమన్నారు, ఆపినాం. సైను పెట్టమన్నారు, పెట్టినాం. ఫోటో తీసుకున్నారు, నిలబడినాం. ఆ పొద్దు జీపుల్లో పదిమంది వచ్చినారు మేడమ్. మర్నాటి నుంచి ఒక్కరన్నా వచ్చి, ఏమప్పా నీ బిడ్డ ఏం సేస్తా ఉండాదని అడిగింటే కదా?"

మిగిలింది ఇద్దరు. పవిత్ర, నవీన.

పవిత్రది ఇబ్బంది లేదు. హాస్టల్ అడ్మిషన్ జరుగుతోందని నా నివేదికలోనే ఉంది.

జులై 14, సోమవారం

పవిత్రకు పెళ్ళయింది.

వాళ్ళమ్మ దాచలేదు. అడ్రసు ఇచ్చింది. సూళ్ళూరుపేట వరకు ఒక బస్సు, అక్కడి నుంచి తడకు ఇంకో బస్సు. రోడ్డు పక్కన వరస గదులు. ఒక గది ముందు పది నెలల పాపను చంకనేసుకొని నిలబడింది. పదిహేడేళ్ళు. భర్త ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, డ్యూటీలో ఉన్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"రాండి మేడమ్. ఆ పుస్తకం మా ఇంట్లో ఉండాది. నా ఫొటో ఏసిన పుస్తకం."

అంటే నా నివేదిక. బియ్యం డబ్బా మీద పెట్టి ఉంది. శుభ్రంగానే ఉంది.

టీ పెట్టింది. నేను అడగకముందే చెప్పడం మొదలుపెట్టింది. కథలా చెప్పలేదు, బస్సు ఎందుకు ఆలస్యమైందో చెప్పినట్టు చెప్పింది. పెళ్ళి ఆగిన మర్నాడు సంస్థ వాళ్ళు వచ్చి, హాస్టల్లో సీటు ఇప్పిస్తామని పదో తరగతి మెమో, టీసీ తీసుకెళ్ళారు. జూన్ అయిపోయింది. జులై అయిపోయింది.

"నాయన దినమ్మూ అడిగేవాడు, ఎప్పుడు పోతావమ్మా హాస్టల్‌కి అని. సదివించాలనే ఉన్నింది ఆయనకి. ఆగస్టులో అడగడం మానేసినాడు. మళ్ళా పెండ్లికొడుకు వాళ్ళు వచ్చి అడిగినారు. కాగితాలన్నా చేతిలో ఉంటే నేనే యాడికో ఒకచోటికి పోయి చేరిందును. అవీ ల్యావు."

పాప నా కళ్ళజోడు లాగింది.

"మీరు వచ్చినప్పుడు మిమ్మల్ని అడిగినా కదా మేడమ్" అంది పవిత్ర.

"ఏమని?"

"నా సర్టిఫికెట్లు యాడుండాయో రొంత కనుక్కోండి మేడమ్ అని. సార్‌ని అడగతా అన్నారు. రాసుకున్నారు కూడా."

నాకు గుర్తు లేదన్నాను.

"శానా ఊర్లు తిరగతారు కదా. యాడ గుర్తుంటాది" అంది. నిజంగానే అంది. ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

జులై 15

గుణశేఖర్ గారికి అప్పుడు చెప్పాననే గుర్తు. ఫోన్లో చెప్పి ఉంటాను.

జులై 16

పాత నోట్‌బుక్ దొరికింది. 2023 జులై 19. నా చేతిరాతే. 'పవిత్ర: సర్టిఫికెట్ల గురించి అడిగింది. జి.ఎస్. గారికి చెప్పాలి.' పక్కన టిక్ లేదు. నేను చెప్పిన ప్రతి పనికీ టిక్ పెడతాను.

నివేదికలో ముప్పయ్యో పేజీ: 'హాస్టల్ ప్రవేశ ప్రక్రియ పురోగతిలో ఉంది.'

ఒప్పందంలోని ఆ మాటను రెండు రకాలుగా అర్థం చేసుకోవడానికి వీల్లేదు.

జులై 17

పుత్తూరు ఆఫీసు. పిల్లల సర్టిఫికెట్లు ఎక్కడున్నాయని అడిగాను. గుణశేఖర్ గారు చాలాసేపు తాళం చెవి వెతికారు. తాళం చెవి జేబులోనే ఉంది. బీరువాలో బ్యానర్లు, టోపీలు, బాలికా దినోత్సవం కప్పులు. అడుగున గోధుమరంగు కవర్లు నాలుగు. ఒకటి పవిత్రది. పై కవరు నవీనది, ఈ మేలో పెట్టింది.

ఆయన కుర్చీలో కూర్చున్నారు.

"పెండ్లి ఆపేదానికి అందరూ వస్తారు మేడమ్. పోలీసులు వస్తారు, పేపరోళ్ళు వస్తారు. హాస్టల్ సీటుకి తిరగాలంటే నేనొక్కణ్ణే. కుల ధ్రువీకరణ అంటారు, ఆదాయం అంటారు, ఆధార్‌లో పేరు తప్పంటారు. అంతలోకి ఇంకో ఊర్లో ఇంకో పెండ్లి. ఢిల్లీ వాళ్ళు నెలనెలా ఒకటే అడగతారు, ఎన్ని ఆపినారని. ఎంతమంది చేరినారని ఒక్కసారన్నా అడగల్యా."

"మీరు చెప్పాల్సింది కదా."

"చెప్దామనే అనుకున్న్యా. అంతలో మీ రిపోర్టు వచ్చె." ఆయన లేచి, అల్మారాలోంచి నా నివేదిక తీసి, వెతుక్కోకుండా నేరుగా ముప్పై ఒకటో పేజీ తెరిచారు. "మీరే రాసినారు కదా మేడమ్. 'ఆపిన వివాహాల సంఖ్యే ఈ కార్యక్రమానికి అత్యంత విశ్వసనీయమైన కొలమానం.' నేను ఇంగ్లీషులో ఉండేది నాలుగుసార్లు చదువుకున్న్యా."

ఇంగ్లీషులో ఇంకా గట్టిగా ఉంటుంది ఆ వాక్యం.

జులై 18, శుక్రవారం

నవీన ఊరికి అమ్మతో కలిసి వెళ్ళాను. ఏప్రిల్‌లో ఆపిన పెళ్ళి. పదహారేళ్ళు. తల్లి పోయి మూడేళ్ళు. ఇంట్లో నాయన దొరస్వామి, అవ్వ మునెమ్మ. రెండెకరాల మామిడి తోట.

దొరస్వామి నన్ను సంస్థ మనిషి అనుకున్నాడు.

"మే నెల అన్నారు, జూన్ అన్నారు. ఇప్పుడు శ్రావణం వస్తా ఉండాది. మా అక్క కొడుకే పిల్లోడు. వాళ్ళు అడిగితే నేనేం చెప్పాల? పొద్దున నేను తోటకి పోతే రాత్రికి వస్తా. అమ్మకి కండ్లు సరిగ్గా అగుపడవు. బిడ్డ ఒక్కతే ఉంటాది ఇంట్లో. మీరు పెండ్లి ఒద్దన్నారు, సరే. ఏం సేయమంటారో అది కూడా చెప్పాల కదమ్మా?"

ఈ మాట ప్రశ్నావళిలో రాసుకోవడానికి గడి లేదు.

నవీనను విడిగా అడిగాను, చదువుకోవాలని ఉందా అని.

"తెలీదు మేడమ్. లెక్కలు రావు నాకు. పెండ్లయితే ఒద్దు."

"హాస్టల్‌కి పోతావా?"

"పోతా. ఈడ మాట్లాడేదానికి అవ్వ, రెండు బర్రెలే ఉండాయి. అవ్వకి వినపడదు."

"నాకు వినపడతాది" అంది మునెమ్మ లోపలి నుంచి.

ఆడపిల్లల ప్రభుత్వ హాస్టల్ కాలేజీలో దరఖాస్తుకు ఆఖరు తేదీ 23. ఆషాఢం 24తో ముగుస్తుంది.

జులై 19

మా వృత్తికి ఒక నియమావళి ఉంది. మూల్యాంకనం చేసేవారు కార్యక్రమంలో జోక్యం చేసుకోకూడదు. చేసుకుంటే ఫలితం కార్యక్రమానిదో మనదో తెలియకుండా పోతుంది. మంచి నియమం. శిక్షణ తరగతుల్లో నేనే చెబుతుంటాను.

గుణశేఖర్ గారికి రాతపూర్వకంగా తెలియజేశాను: నవీన పెళ్ళి మళ్ళీ జరిగే అవకాశం ఉంది. ఆమె సర్టిఫికెట్లు మీ బీరువాలో ఉన్నాయి. ఆఖరు తేదీ 23. ఇంతటితో నా బాధ్యత పూర్తయింది.

జులై 20

గుణశేఖర్ గారు రెండు చేతులు జోడించిన బొమ్మ పంపారు.

నా బాధ్యత పూర్తయింది.

జులై 21, సోమవారం

పుత్తూరు వెళ్ళి నాలుగు కవర్లూ సంతకం పెట్టి తీసుకున్నాను. గుణశేఖర్ గారు ఆపలేదు. "నేనూ వస్తా మేడమ్" అన్నారు. తర్వాత, పాకాల వైపు ఒక సమావేశం ఉందన్నారు. సమావేశం ఉన్న మాట నిజమే, బోర్డు మీద రాసి ఉంది.

జులై 22, మంగళవారం

ఒక కారులో ఐదుగురం. దొరస్వామి ముందు సీట్లో, తెల్లచొక్కా వేసుకొని. వెనక నవీన, మునెమ్మ, మా అమ్మ. డ్రైవింగ్ నేను. మునెమ్మకూ మా అమ్మకూ దారి పొడుగునా ఒకే చర్చ, హాస్టల్లో చారు నీళ్ళగా ఉంటుందా లేదా.

సచివాలయంలో పదిన్నరకు ఆదాయ ధ్రువీకరణ దొరికింది. కాలేజీకి చేరేసరికి పన్నెండు. లోపల ఒకామె, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకొని, కాగితాలు ఒక్కొక్కటే చూసింది. పదో తరగతి మెమో చూసింది. ఆధార్ చూసింది. మళ్ళీ మెమో చూసింది.

"మెమోలో 2009లో పుట్టింది. ఆధార్‌లో 2006లో. పిల్ల ఒక్కతేనా, ఇద్దరా?"

నాకు అర్థమైంది. ఏప్రిల్ పెళ్ళి కోసం వయసు పెంచి ఆధార్ మార్పించారు. ఏడు ఫైళ్ళు చదివాను, ఇది ఏ ఫైల్లోనూ లేదు. నేను ఆధార్ చూడలేదు.

"మాకు మెమోనే లెక్క" అంది ఆమె. "కానీ ఆధార్‌లో తప్పు పడిందని తండ్రి రాసివ్వాల. తర్వాత సరిచేయించుకోవాల. రాసిస్తే తీసుకుంటా. రేపటితో ఆఖరు."

దొరస్వామి బయటికి వెళ్ళిపోయాడు. వెనకే వెళ్ళాను. వేపచెట్టు కింద నిలబడి చెప్పుతో నేల గీస్తున్నాడు.

"రాసిస్తే నా మీద కేసు పెడతారు మేడమ్."

పెట్టరని చెప్పాలనుకున్నాను. పెట్టరని నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.

"మరి? ఒకసారి సైను పెట్టి ఊర్లో తల దించుకుంటి. ఇప్పుడు దొంగనని నేనే రాసియ్యాల్నా? పదండి, ఇంటికి పోదాం."

ఇరవై ఏళ్ళుగా జనాన్ని ప్రశ్నలు అడుగుతున్నాను. ఒక మనిషిని ఒప్పించాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఎలా చేస్తారో తెలియదు.

నవీన మెట్లు దిగి వచ్చింది. చేతిలో ఆ ఆఫీసులో ఇచ్చిన తెల్లకాగితం.

"నాయనా, పెట్టు."

"నీకు తెలీదు, నువ్వు పోమ్మా."

"ఆ పొద్దు పెట్టిన సైను ఊరికే పాయ. ఎవురికీ పనికి రాల్యా. ఇది పనికొస్తాది. పెట్టు నాయనా."

ఆయన కూతురి వైపు చూడలేదు. కాగితం తీసుకున్నాడు, కారు బానెట్ మీద పెట్టుకున్నాడు. నేను పెన్ను ఇచ్చాను. చాలాసేపు రాశాడు. ఏడో తరగతి చదివాడట, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి.

లోపల ఆమె చదివి తల ఎత్తింది.

"తప్పు పడింది అని రాస్తే చాలు అన్నాను కదప్పా. 'నేనే మార్పించినాను, తప్పు నాదే' అని రాసినావే?"

"పడల్యా కదమ్మా" అన్నాడు దొరస్వామి. "నేనే చేసినా."

ఆమె కళ్ళజోడు పైకి తోసుకొని, కాగితం ఫైల్లో పెట్టి స్టాంపు వేసింది. నవీనకు ఇంటర్ ఫస్టియర్‌లో, హాస్టల్లో, సీటు వచ్చింది. హెచ్‌ఈసీ గ్రూపు. లెక్కలు ఉండవు.

మునెమ్మ వంటగది చూసి వచ్చి, చారు నీళ్ళగానే ఉందని మా అమ్మకు చెప్పింది.

జులై 23

నమూనా పాడైంది. పాడుచేసింది నేను.

జులై 28, సోమవారం

నివేదిక పూర్తయింది. పంతొమ్మిది పేజీలు. 'ఆదర్శప్రాయం' లేదు. ముఖ్యమైన వాక్యాలు ఇవి:

ఆపిన పెళ్ళిళ్ళు ఏడు. ఐదుగురికి మళ్ళీ పెళ్ళయింది. ఒకరు బంధువు చొరవతో చదువుతున్నారు. ఏడో అమ్మాయి కళాశాలలో చేరింది, అయితే చేర్పించింది మూల్యాంకనం చేస్తున్న వ్యక్తి, కాబట్టి ఆ ఫలితాన్ని కార్యక్రమానికి ఆపాదించకూడదు. ఇది నియమ ఉల్లంఘన. 2023 మధ్యంతర నివేదికలోని ముప్పై, ముప్పై ఒకటో పేజీలను ఉపసంహరించుకుంటున్నాను. లబ్ధిదారు సహాయం అడిగినప్పుడు నేను నమోదు చేసుకొని, తెలియజేయలేదు.

చివరి వాక్యం తీసేసి మళ్ళీ పెట్టాను. మూడుసార్లు.

సిఫారసు ఒక్కటే: ఆపిన మర్నాటి నుంచి పని మొదలుపెట్టే ఒక మనిషిని నియమించాలి.

గుణశేఖర్ గారికి ప్రతి పంపాను. గంటలో ఫోన్ చేశారు.

"మేడమ్, నవీనను కూడా కలుపుకుంటే చదివేవాళ్ళు ఇద్దరవతారు."

"ఆ అమ్మాయి లెక్కలోకి రాదండీ."

"చేరింది కదా మేడమ్."

"చేరింది. లెక్కలోకి రాదు."

"మీ గురించి కూడా రాసుకున్నారే" అన్నారు తర్వాత. "అది రాయకుండా ఉండింటే మిమ్మల్ని బాగా తిట్టుకుందును." పెట్టేశారు.

ఆగస్టు 1, శుక్రవారం

ఢిల్లీ వాళ్ళతో వీడియో సమావేశం. నలుగురు. కార్యక్రమం ప్రభావవంతమైనదా కాదా, ఒక్క మాటలో చెప్పమన్నారు. ఆపడంలో అవును అన్నాను. వాయిదా వేయడంలో అన్నమాట అన్నారు. ఎనభై రోజులు అన్నాను. ఒకాయన రాసుకున్నారు.

ఆగస్టు 8

జవాబు వచ్చింది. ఐదేళ్ళు కాదు, ఒక్క ఏడాది. ఆ ఏడాదిలో, పెళ్ళి ఆగిన ప్రతి పిల్ల వెంట ఏడాదంతా తిరగడానికి ఒక ఉద్యోగి. నెలనెలా అడిగే ప్రశ్న ఇకపై 'ఎంతమంది చేరారు?' గుణశేఖర్ గారు చదివారు. సాయంత్రం ఒక దరఖాస్తు ఫారం ఫొటో తీసి పంపి, 'ఏడో గడిలో ఏమి రాయాలి మేడమ్?' అని అడిగారు. చెప్పాను.

నాకు వేరే ఉత్తరం. నా నిజాయతీని మెచ్చుకున్నారు. నియమ ఉల్లంఘన దృష్ట్యా, భవిష్యత్తులో తగిన అవకాశం ఉన్నప్పుడు సంప్రదిస్తామన్నారు.

అమ్మకు చదివి వినిపించాను.

"అంటే పిలవరు" అంది.

ఆగస్టు 11, సోమవారం

మిగిలిన కవర్లలో రెండు ఎవరివి వాళ్ళకు అందజేశాను. పవిత్రది ఈరోజు. ఇన్నాళ్ళు ఎందుకు ఆలస్యం చేశానంటే నివేదిక పని ఉండింది. అది అబద్ధం. పని జులై 28నే అయిపోయింది.

బస్సులో ఏం చెప్పాలో తయారు చేసుకున్నాను. గదిలోకి వెళ్ళాక అదేదీ రాలేదు. "నువ్వు అడిగావు. నేను సార్‌కి చెప్పలేదు. మర్చిపోయాను. మర్చిపోయి, పని జరుగుతోందని రాశాను" అన్నాను.

పవిత్ర పాపను నా ఒళ్ళో పెట్టింది. కవరు విప్పింది.

"అప్పుడే తెలుసు మేడమ్. మీరు చెప్పింటే సార్ ఒక్కసారన్నా ఫోన్ చేసుండేవాడు." మెమో బయటికి తీసింది. "నెల దినాలు మీ మీద కోపంగా ఉండింది. తర్వాత పెండ్లి పనుల్లో పడిపోయినాం."

మెమో మొదటి నుంచి చివరి దాకా చదివింది. హిందీ దగ్గర ఆగి, "ఇంత తక్కువా!" అంది. టీసీ చదివింది. వెనక్కి తిప్పి అదీ చదివింది. తర్వాత, ఇంట్లో ఉండి ఇంటర్ చదవచ్చంట కదా, ఓపెన్ స్కూలంట, నిజమేనా అని అడిగింది. పక్క గదిలో అమ్మాయి చెప్పిందట. నిజమే అన్నాను. ఎప్పటిలోగా కట్టాలో కనుక్కొని చెబుతానన్నాను.

"ఇప్పుడే కనుక్కోండి" అంది.

గొంతు పెంచలేదు. ఎదురుగా నిలబడింది, కూర్చోలేదు. నేను ఫోన్ తీసి నంబరు వెతికి చేశాను. బిజీ. మళ్ళీ బిజీ. నాలుగోసారి ఎత్తారు. స్టడీ సెంటర్ వివరాలు కావాలి, ఒక అమ్మాయి కోసం అన్నాను.

"మీరు అమ్మాయికి ఏమవుతారు?" అని అడిగింది అవతలి గొంతు.

ఇరవై ఏళ్ళ నా ఉద్యోగంలో ఇంత సులువైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నోరు తెరిచాను.

పవిత్ర చేయి చాపి ఫోన్ తీసుకుంది.

"నేనే మేడమ్ ఆ పిల్లని" అంది. "చెప్పండి."

సూళ్ళూరుపేటలో సెంటర్ ఉందట. పెళ్ళయినవాళ్ళు చేరచ్చా, పద్దెనిమిది నిండకపోయినా సరేనా, పాపను పరీక్షకు తీసుకురావచ్చా, నర్సు కోర్సుకు ఈ ఇంటర్ పనికొస్తుందా అని అడిగింది. చివరిది రెండుసార్లు అడిగింది. జవాబు నాకు వినపడలేదు. పవిత్ర మొహం చూస్తే పనికొస్తుందనే అనిపించింది.

రేపు పొద్దున తిరుపతి నుంచి వస్తాను, కలిసి సెంటర్‌కు వెళ్దాం అని చెప్పి బస్సెక్కాను.

ఆగస్టు 12, మంగళవారం

ఆరున్నరకు బయల్దేరబోతుంటే పవిత్ర ఫోన్ చేసింది. భర్తకు నైట్ డ్యూటీ అయిపోయిందట. పాపను ఎత్తుకొని ఆయన వస్తున్నాడట. ఇద్దరూ అప్పటికే బస్టాపులో ఉన్నారు. వెనక బస్సు హారన్ వినిపిస్తోంది.

"మీరు అంత దూరం రావద్దు మేడమ్. నేను పోతా ఉండా."

సరే అన్నాను. చెప్పులు వేసుకొని ఉన్నాను. విప్పాను.